పాత కంప్యూటర్‌పై రూపాయి పెట్టే ముందు

మా ఇంట్లో ఉన్నది 2013లో హన్మకొండలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఇంటెల్ మూడవ తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డ్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆ రోజుల్లో మా వైపు ఉద్యోగుల ఇండ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో చాలావరకు ఇదే రకం. మా పాప ఇంటర్ పాఠాలు వినేదీ, మాక్ టెస్టులు రాసేదీ దానిమీదే; నేను బడికి ప్రశ్నపత్రాలు తయారుచేసేదీ దానిమీదే; ఊళ్ళోని భూమి వివరాలు భూభారతిలో చూపించమని మా బాపు అడిగినప్పుడు తెరిచేదీ దాన్నే. కొత్తది కొనే స్తోమత వచ్చేవరకు దీన్ని ఈడ్చుకుంటూ రావడం కాదు, దీన్ని నిజంగా హాయిగా వాడుకునే స్థితిలో ఉంచడం నా ఉద్దేశం. అందుకు మొత్తంమీద ఐదు వేల రూపాయలకు మించి ఖర్చు కాలేదు.

కంప్యూటర్ నెమ్మదించిందని దుకాణానికి తీసుకెళ్తే సాధారణంగా వినిపించే మాటలు రెండే. ఒకటి, ‘ఫార్మాట్ కొడదాం సార్’. రెండు, ‘ఇది పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి’. మొదటి దానితో కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. రెండవది ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది. ఈ రెండింటికీ నడుమ చేయదగిన పని చాలా ఉంది. పాత యంత్రం నెమ్మదించిందంటే దానిలోని భాగాలన్నీ ఒకేసారి పాడయ్యాయని అర్థం కాదు. ఏదో ఒక్క భాగం మిగతా వాటన్నింటినీ ఆపి ఉంచుతుంది. ఆ భాగమేదో తెలియకుండా పెట్టే ప్రతి రూపాయీ గాలిలో పెట్టిన దీపమే.

తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అని మూడు నిలువు వరుసలు కనిపిస్తాయి. కంప్యూటర్ ఆన్ చేసిన తర్వాత ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఐదారు నిమిషాలు ఆ వరుసలనే గమనించాలి. డిస్క్ అంకె 100 శాతం దగ్గర దిగకుండా నిలిచిపోయి, అదే సమయంలో సీపీయూ పది, పదిహేను శాతంలోనే ఉంటే ప్రాసెసర్‌కు ఇంకా సత్తా ఉన్నదనీ, హార్డ్ డిస్క్ నుంచి సమాచారం అందక అది ఖాళీగా ఎదురుచూస్తున్నదనీ తెలుస్తుంది. మెమరీ 85, 90 శాతం దాటి, బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ డిస్క్ కూడా ఎగబాకుతుంటే ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు సమాచారం ఉండే తాత్కాలిక మెమరీ, చాలడం లేదని అర్థం. ర్యామ్‌లో పట్టని సమాచారాన్ని విండోస్ డిస్కుపైకి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ పైకి తెచ్చుకుంటూ ఉంటుంది. సీపీయూ ఒక్కటే నిండిపోతే, ఏ ప్రోగ్రామ్ దాన్ని వాడుతున్నదో అదే పట్టికలో పేరుతో సహా కనిపిస్తుంది. మా ఇంటి యంత్రంలో మొదటి రెండు లక్షణాలూ ఉన్నాయి, ప్రాసెసర్‌ది మాత్రం ఏ తప్పూ లేదు. నేను చూసిన ఈ వయసు కంప్యూటర్లలో దాదాపు అన్నింటిదీ ఇదే కథ.

అందువల్ల మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డిపైనే, అంటే హార్డ్ డిస్క్ చేసే పనినే చిప్‌లతో చేసే డ్రైవ్‌పైనే, పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్ళేల మీద ఒక చిన్న తల అటూ ఇటూ కదులుతూ సమాచారం వెతుకుతుంది. ఒకేచోట వరుసగా ఉన్న పెద్ద సినిమా ఫైలును అది వేగంగానే చదువుతుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు కావలసింది డిస్క్ అంతటా చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్ళు. అటువంటి చిన్న పనులు హార్డ్ డిస్క్ సెకనుకు వంద, ఆ చుట్టుపక్కల మాత్రమే చేయగలదు. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమే లేదు కనుక చవక రకం సైతం అవే పనులు సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. ఇక్కడ దుకాణాల్లో ఒక అపోహ తరచుగా వినిపిస్తుంది: పాత బోర్డుకు ఎస్‌ఎస్‌డి పెట్టినా లాభం లేదని. హెచ్61 బోర్డులో డిస్క్‌ను కలిపే దారి సెకనుకు 3 గిగాబిట్ల పాత సాటా మాత్రమే అన్న మాట నిజమే. సెకనుకు 550 ఎంబీ అని పెట్టె మీద రాసిన వేగంలో సగమే వస్తుంది. అయితే మనకు దక్కే లాభం ఆ గరిష్ఠ వేగంలో లేదు, వెతుకులాటకు పట్టే సమయం పోవడంలో ఉంది. అది పాత బోర్డులోనూ పూర్తిగా దక్కుతుంది. మా కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ కనిపించిన తర్వాత కూడా బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టేది. ఇప్పుడు స్విచ్ వేసిన నిమిషంలోపే పాప పాఠం మొదలవుతోంది.

ఎస్‌ఎస్‌డికి పెద్ద సైజు అవసరం లేదు. 240 లేదా 256 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్‌ను తీసేయకుండా ఫొటోలు, వీడియోల కోసం పక్కనే ఉంచుకోవచ్చు. కొత్త ఎస్‌ఎస్‌డిలో సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసే ముందు బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్ళి డిస్క్ పనిచేసే పద్ధతిని చెప్పే సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఇన్‌స్టాల్ అయిన తర్వాత మారిస్తే విండోస్ బూట్ కాకుండా మొరాయించవచ్చు. పాత క్యాబినెట్‌లో రెండున్నర అంగుళాల డ్రైవ్‌కు చోటు లేదని కొందరు ఆగిపోతారు, కానీ కదిలే భాగాలు లేని వస్తువు కనుక చిన్న బ్రాకెట్ కొనుక్కున్నా సరే, లోపల కదలకుండా గట్టిగా బిగించినా సరే. పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యాన్ని మాత్రం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అప్పుడప్పుడూ చూస్తుండాలి. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసలు సున్నాగా ఉన్నంతకాలం భయం లేదు. అవి పెరగడం మొదలైతే ఆ డిస్క్ రోజులు దగ్గరపడినట్టే, ఫొటోలను ఆ సాయంత్రమే మరోచోటికి మార్చుకోవాలి.

రెండవ ఖర్చు ర్యామ్. 4 జీబీ నుంచి 8 జీబీకి వెళ్ళడంతో కలిగే తేడా చాలా పెద్దది. 8 నుంచి 16కు వెళ్ళడంలో ఇంటి పనులకు అంత తేడా కనిపించదు. హెచ్61 బోర్డుల్లో సాధారణంగా రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి, ఒకటి ఖాళీగానే ఉంటుంది. ఉన్న దానికి జోడుగా అదే సైజు డీడీఆర్3 (ఆ తరం బోర్డులకు సరిపడే ర్యామ్ రకం) ముక్క పెడితే మెమరీ పెరగడమే కాక, రెండు ముక్కలూ కలిసి పనిచేయడం వల్ల విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని కంప్యూటర్లలో బొమ్మ కదలిక కూడా కొంత మెరుగవుతుంది. ల్యాప్‌టాప్ ఉన్నవారు ఒక విషయం గమనించాలి. ర్యామ్ ముక్క మీది చీటీలో పీసీ3 అని ఉంటే అది 1.5 వోల్టులది, పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టులది. ఇంటెల్ నాలుగవ, ఐదవ తరం ల్యాప్‌టాప్‌లు రెండవ రకాన్నే అడుగుతాయి. దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత ముక్కను తీసి వెంట పట్టుకెళ్ళడం అన్నింటికన్నా మంచి పద్ధతి.

పెద్దగా డబ్బు అక్కర్లేని పని మరొకటి ఉంది, ఎండాకాలానికి ముందు అది చేసి తీరాలి. వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది; గదిలోని గాలే అంత వేడిగా ఉంటే ప్రాసెసర్‌ను చల్లబరచే ఫ్యాన్ ఏ గాలిని పీల్చాలి? ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏనుమాముల మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఉండే మా బంధువుల ఇంట్లో కంప్యూటర్ మధ్యాహ్నం పూట మాత్రమే ఆగిపోయేది. పక్క పలక విప్పి చూస్తే, ఫ్యాన్ కింద ఉండే హీట్‌సింక్ అల్యూమినియం రెక్కల సందుల్లో దుమ్మూ, పత్తి సీజన్‌లో గాలికి కొట్టుకొచ్చే దూది నూగూ కలిసి ఒక పొరలా అల్లుకుపోయాయి. చివర పట్టుకుని లాగితే కంబళి ముక్కలా ఒక్కటిగా ఊడివచ్చింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కానీ గాలి రెక్కలను తాకడమే లేదు. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు అందించే థర్మల్ పేస్ట్ ఎండి, గోటితో గీకితే పొడిగా రాలింది. పాత పేస్ట్‌ను మెత్తటి గుడ్డతో, స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, హీట్‌సింక్ నాలుగు కాళ్ళనూ ఎదురెదురుగా జతలుగా నొక్కి బిగించాలి. ఒక కాలు సరిగా కూర్చోకపోయినా లాభం ఉండదు. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అదుపులేని వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఈ పని అంతటికీ ముందు ప్లగ్ తీసేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

పది రూపాయలో, యాభై రూపాయలో ఖర్చయ్యే లోపాలను చూసి కంప్యూటర్ మొత్తం పోయిందనుకునేవారు చాలామంది. వాటిలో ముఖ్యమైనది కంప్యూటర్ ఆపినప్పుడు కూడా గడియారాన్ని నడిపే, బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. డిగ్రీ ప్రవేశాల సమయంలో మా కాలనీ అబ్బాయి ఒకరు వచ్చి, ‘సార్, నెట్ వస్తోంది కానీ దోస్త్ సైటు తెరుచుకోవట్లేదు, ఏ సైటు పెట్టినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది’ అన్నాడు. వాళ్ళింటికి వెళ్ళి చూస్తే తెర కింద కుడి మూలన తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. కంప్యూటర్ గడియారం ప్రకారం ఆ ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు కనుక బ్రౌజర్ తలుపు మూసేసింది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. పొద్దున ఆన్ చేసినప్పుడల్లా తేదీ తప్పుగా కనిపిస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసే ముందు ఈ బ్యాటరీని చూడాలి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలివానల కాలంలో కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా చాలు, రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు, ఒక్కోసారి సిస్టమే బూట్ కాకుండా పోవచ్చు. మూలన పడేసిన పాత యూపీఎస్ చాలా ఇండ్లలో ఉంటుంది. దానిలో పోయేది దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. ఇంటి యూపీఎస్‌లలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్‌ల బ్యాటరీ, రెండు మూడేళ్ళకొకసారి దాన్ని మారిస్తే యూపీఎస్ మళ్ళీ పనిచేస్తుంది. క్యాబినెట్‌ను ముట్టుకున్నప్పుడు చిన్నగా జివ్వుమంటే అది కంప్యూటర్ లోపం కాకపోవచ్చు. కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్తింగ్ తీగలోకి పంపేలా తయారవుతుంది. మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోతే అది బయటికి పోయే దారి లేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది. పాత ఇండ్లలో ఇది మామూలే అని వదిలేస్తారు, కానీ పిల్లలు వాడే యంత్రం విషయంలో వదిలేయరాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తింగ్ చూపించాలి.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వాడకందారులు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు వస్తాయి; మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే దానికి డబ్బు కట్టనవసరం లేదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం, ఆపై ప్రాసెసర్లనూ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటునూ కోరుతుంది కనుక మా ఐ3 లాంటి వాటికి ఆ దారి లేదు. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవారు ఉన్నారు, కానీ ముందు ముందు అప్‌డేట్లు వస్తాయో రావో తెలియని ఏర్పాటును బ్యాంకు పనులు చేసే ఇంటి కంప్యూటర్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే నేను విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికైన రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వైపు వెళ్ళాను. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు అందుతాయి, అది పూర్తిగా ఉచితం, కింద మెనూ పట్టీతో విండోస్ అలవాటున్నవారికి కొత్తగా అనిపించదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఎక్కించి, హార్డ్ డిస్క్‌ను తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అలా చూసుకున్న తర్వాతే ఇన్‌స్టాల్ చేయాలి.

తెలుగు రాసేవారికి లినక్స్‌లో ఇబ్బంది ఉంటుందన్న భయం అవసరం లేదు, ఒక్క విషయంలో తప్ప. తెలుగు టైపింగ్‌కు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ దానిలోనే ఉంది, కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగును చేర్చుకుంటే చాలు. తెలుగు ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి. వాటిలో పోతన, వేమన ఉన్నాయి. మన బమ్మెర పోతన పేరున్న అక్షరాలతో బడి ప్రశ్నపత్రం తయారుచేస్తున్నప్పుడు నాకు కలిగే సంతోషం వేరు. ఆ ఒక్క విషయం అను ఫాంట్లు. డీటీపీ పని చేసేవారు, ప్రెస్‌కు పేజీలు పంపేవారు అనుస్క్రిప్ట్ మీదే ఆధారపడతారు, అది విండోస్ సరుకు. ట్యాలీ మీద లెక్కలు రాసేవారికీ అదే మాట. అటువంటి ఇండ్లలో విండోస్‌ను ఆ పని కోసం ఉంచుకుని, ఇంటర్నెట్ పనులు మాత్రం లినక్స్‌లో చేసుకునేలా రెండింటినీ పక్కపక్కన ఎక్కించుకోవడం మేలు. మన వైపు ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కు లినక్స్‌లో క్యాప్ట్ అనే డ్రైవర్‌ను విడిగా పెట్టుకోవాలి, అది ఓపికతో చేయవలసిన పని.

ఈ రోజుల్లో ఇంటి కంప్యూటర్‌కు అసలు బరువు బ్రౌజరే. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ పెడితే ప్రకటనలు, వాటి వెనక నడిచే ప్రోగ్రాములు ఆగిపోయి పేజీలు తేలికగా తెరుచుకుంటాయి. యూట్యూబ్ పాఠాలు ఆగి ఆగి వస్తున్నాయంటే ప్రతిసారీ ఇంటర్నెట్ వేగాన్ని అనుమానించనక్కర్లేదు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో కుదించిన వీడియో. మూడవ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వాటిని విప్పే ఏర్పాటు లేదు కనుక ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పాత హెచ్.264 పద్ధతిని విప్పే ఏర్పాటు మాత్రం దానిలో ఉంది. హెచ్264ఇఫై అనే యాడ్-ఆన్ యూట్యూబ్‌ను ఆ పాత పద్ధతిలోనే వీడియో పంపేలా చేస్తుంది. దానితోపాటు 720పీకి పరిమితమైతే నల్లబల్ల మీది అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి, ఫ్యాన్ కూడా హోరెత్తదు.

కొనుగోళ్ళ విషయంలో నా నియమాలు కచ్చితమైనవి. ర్యామ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చు. దానిలో అరిగిపోయే భాగాలు లేవు, పైగా మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపితే మంచిదో కాదో తెల్లారేసరికి తేలిపోతుంది. ఎస్‌ఎస్‌డి, హార్డ్ డిస్క్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం వాడినవి ఎంత చవకగా ఇచ్చినా కొనరాదు. మొదటి రెండూ అరిగే వస్తువులు, మూడవది పాడైతే తనతోపాటు బోర్డునూ తీసుకుపోతుంది. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల దొరకని పాత భాగాలు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. కాజీపేట నుంచి ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, కానీ ఒక్క ర్యామ్ ముక్క కోసం ఆ చార్జీలు దండగ, వేరే పని పడినప్పుడు వెళ్ళాలి. ఏ దుకాణంలో పని చేయించినా తీసేసిన పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోవాలి. అది మన డబ్బుతో కొన్న వస్తువు, మన ఫొటోలు దానిలోనే ఉండవచ్చు.

ఎక్కడ ఆగాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. నా లెక్కలో ఆ గీత మదర్‌బోర్డ్. బోర్డు మీది చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బినా, వాటి నుంచి గోధుమరంగు ద్రవం కారినా, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసినా కంప్యూటర్ ఆన్ కాకపోయినా, ఇక ఆ తరం బోర్డు కోసం వెతుక్కుంటూ డబ్బు పెట్టడం సరికాదు. అప్పుడు ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ (వాడినవాటిని బాగుచేసి అమ్మే) డెస్క్‌టాప్‌ల వైపు చూడాలి, వీలైతే ఎనిమిదవ తరం లేదా ఆ తర్వాతిది. పాత దానికి పెట్టిన ఎస్‌ఎస్‌డి, యూపీఎస్, కీబోర్డ్, మానిటర్ అన్నీ దానికీ పనికివస్తాయి. డీడీఆర్3 ర్యామ్ మాత్రం పనికిరాదు, ఎనిమిదవ తరం బోర్డులు డీడీఆర్4వి. మానిటర్‌కు వీజీఏ కేబుల్ ఒక్కటే ఉండి, కొత్తగా తెచ్చిన యంత్రంలో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కొంటే సరిపోతుంది. మామూలు కేబుల్ కాకుండా లోపల చిప్ ఉన్న కన్వర్టర్‌నే అడిగి తీసుకోవాలి.